జీతం తీసుకునే విద్యార్థులు

ఎం.ఎస్సి. ముగించినవారు పరిశోధనలో చేరాలంటే భారతదేశంలో సాధారణంగా మొదట ప్రవేశ పరీక్ష రాయాలి. జర్మనీలో విజ్ఞానశాస్త్రాల పద్ధతి వేరు. అక్కడ ఆచార్యులు తమ పరిశోధనకు నిధులు సంపాదించి, ఆ నిధులతో ఒకరినో ఇద్దరినో పనిలోకి తీసుకుంటారు. ఆ పని ఫలితాలనే సిద్ధాంత గ్రంథంగా రాసి సమర్పించినవారికి డాక్టరేటు లభిస్తుంది. అందువల్ల అక్కడి పరిశోధక విద్యార్థి చాలా సందర్భాలలో ఉద్యోగి కూడా. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో డాక్టరేటుకు సాధారణంగా బోధన రుసుము ఉండదు. డబ్బు లేని ఇంటి పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ఇటువంటి ఖాళీలు విశ్వవిద్యాలయాలలోనే కాక పెద్ద పరిశోధనా సంఘాలలోనూ ఉంటాయి. 1948లో ఏర్పడిన మాక్స్ ప్లాంక్ సంఘం కింద 80కి పైగా సంస్థలు పనిచేస్తున్నాయి. హెల్మ్‌హోల్ట్స్, లైబ్నిట్స్, ఫ్రౌన్‌హోఫర్ సంఘాలు కూడా పేరొందినవే. ఇవి పని కల్పిస్తాయి గాని, పట్టా ఇచ్చేది సాధారణంగా విశ్వవిద్యాలయమే. 2000 నుండి మాక్స్ ప్లాంక్ సంస్థలు విశ్వవిద్యాలయాలతో కలిసి పరిశోధక పాఠశాలలు కూడా నడుపుతున్నాయి. వాటిలో విద్యార్థులను ఒక జట్టుగా ఎంపిక చేస్తారు.

ఖాళీల ప్రకటనలను ఆయా సంస్థలే వెలువరిస్తాయి. ప్రకటన లేకున్నా ఆచార్యులకు నేరుగా ఉత్తరం రాయవచ్చు. అయితే ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే జవాబు రావడం అరుదు. ఆ ఆచార్యుల వ్యాసాలు ఒకటి రెండు చదివి, వాటిలో తనకు ఏ ప్రశ్న ఆసక్తి కలిగించిందో, అందుకు తాను నేర్చిన పని ఏదో చెప్పే ఒక పుట ఉత్తరం మేలు. మార్గదర్శకులను జర్మను భాషలో 'డోక్టోర్‌ఫాటర్' అంటారు. డాక్టరేటు తండ్రి అని దాని అర్థం. స్త్రీ అయితే 'డోక్టోర్‌ముటర్', అంటే తల్లి. విద్యార్థి భవిష్యత్తు ఒక వ్యక్తి చేతిలో ఎంతగా ఉంటుందో ఈ పేరే చెబుతుంది. కనుక ఆ ప్రయోగశాలలో ఇప్పటికే ఉన్న విద్యార్థులతో మాట్లాడి చేరడం మంచిది.

ప్రకటనలో జీతం చదవడం కొత్తవారికి చిక్కుగా ఉంటుంది. ప్రభుత్వ జీతాల పట్టికలో 13వ తరగతి అని రాసి, పక్కన 50 శాతం, 65 శాతం, 75 శాతం అని వేస్తారు. ఆ తరగతి పూర్తి జీతంలో అంత భాగమే చేతికి వస్తుందన్నమాట. ఒప్పందం ప్రకారం పని గంటలూ అంతే. కాని ప్రయోగం గంట చూసి ఆగదు. సగం జీతానికి పూర్తి రోజు పనిచేసేవారు ఎందరో ఉన్నారు. కంప్యూటర్ శాస్త్రంలో, ఇంజనీరింగులో పూర్తి జీతం ఇవ్వడం ఎక్కువ.

కొందరికి జీతానికి బదులు ఉపకార వేతనం వస్తుంది. 1925లో మొదలైన జర్మను విద్యా వినిమయ సంస్థ ఇటువంటివి ఇస్తుంది. జీతంతో ఆరోగ్య బీమా, పింఛను చందా కలిసి వస్తాయి. ఉపకార వేతనం ఉద్యోగం కాదు గనుక, బీమా సంగతి వేరుగా విచారించుకోవాలి.

ఉద్యోగం ఇచ్చే సంస్థ అభ్యర్థి నుండి డబ్బు అడగదు. చోటు ఇప్పిస్తామని సొమ్ము అడిగే మధ్యవర్తులను నమ్మరాదు. ఒప్పందం తరచుగా 3 సంవత్సరాలకే ఉంటుంది, పరిశోధన మాత్రం 4 సంవత్సరాలు దాటడం మామూలే. ఆ మిగిలిన కాలానికి జీతం ఎక్కడి నుండి వస్తుందో సంతకానికి ముందే అడగాలి.