ఊరంతయు ఒక్కసారి జబ్బుపడినపుడు

ఒక యింటిలో ఒకరికి జ్వరము వచ్చినచో అది ఆ యింటివారి కష్టము. ఒకే దినమున పది యిండ్లలో వాంతులో, మూర్ఛలో, కామెర్లో కనిపించినచో అది పంచాయతీ కష్టమగును. అట్టి వేళ వైద్యుడు చేయవలసిన పని యొకటి, శాస్త్రజ్ఞుడు చేయవలసిన పని యొకటి, వారిరువురును గ్రామము చేరులోపల పంచాయతీ సభ్యులు చేయవలసిన పని యొకటి కలవు. ఈ మూడవ పని సరిగా జరుగనిచో మొదటి రెండును కుంటుపడును. అందుచే ఈ మూడు పనులు ఎట్లు ఒకదానితో నొకటి ముడివడి యున్నవో పంచాయతీ సభ్యులకు తెలియజేయుట అవసరమని మేము తలంచితిమి.

అడిక్‌మెట్ నేలపై ఒక పరిశోధనాలయము

హైదరాబాదు నగరమున అడిక్‌మెట్, తార్నాక ప్రాంతము విద్యకు పెట్టినది పేరు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు శాశ్వత భవనములు ఇచ్చటనే వెలసినవి. ఆ విశ్వవిద్యాలయపు ఆవరణ ప్రక్కనే, జామై ఉస్మానియా రైలుస్టేషనుకు చేరువలో, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. ఈ సంస్థయు 1918లోనే పుట్టినది. నీలగిరులలోని కూనూరులో, పాశ్చరు వైద్యసంస్థకు చెందిన ఒక గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన నారంభించెను. ఆ చిన్న గదియే పెరిగి పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో దీనికి జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వచ్చినది.

ప్రజలు ఏమి తినుచున్నారు, ఏమి తినవలెను అని చెప్పుట ఈ సంస్థ పనియని పలువు రెరుగుదురు. తిన్న ఆహారమే విషమై ఊళ్లకు ఊళ్లు మంచము పట్టినపుడు కారణము వెదకుటయు దీని పనియే యని తెలిసినవారు తక్కువ.

కుక్కలు ముందుగా చెప్పిన సంగతి

1974వ సంవత్సరము చివరి మాసములలో గుజరాతులోని పంచమహల్, రాజస్థానములోని బాన్స్‌వాడా జిల్లాలలో, 150కి పైగా గ్రామములలో ఒక వింత వ్యాధి వ్యాపించెను. రోగులకు స్వల్ప జ్వరము, ఆపై కామెర్లు, పిదప పొట్టలో నీరు చేరుట కనిపించెను. 397 మంది వ్యాధిగ్రస్తులు కాగా 106 మంది మరణించిరి. మొదట దీనిని అంటువ్యాధియైన కామెర్లుగా భావించిరి.

హైదరాబాదునుండి వెళ్లిన పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు రోగులను పరీక్షించుటతో తృప్తిపడలేదు. ఏ యిండ్లలో జబ్బు వచ్చినది, ఏ యిండ్లలో రాలేదు, ఈ రెండు రకముల యిండ్లవారి తిండిలో భేదమేమి అని విచారించిరి. జబ్బుపడినవారి ముఖ్యాహారము మొక్కజొన్న. ఆ యేడు అకాల వర్షములలో తడిసిన కంకులు సరిగా ఎండకయే నిలువచేయబడి బూజుపట్టినవి. మరియొక విశేషము: అదే తిండి తినిన పెంపుడు కుక్కలు గూడ కామెర్లతో, పొట్ట ఉబ్బి చచ్చినవి. మనుష్యులకు వచ్చు అంటుకామెర్లు కుక్కలకు రావు. కనుక దోషము తిండిలో నున్నదని తేలెను. గింజలను పరీక్షింపగా బూజు పుట్టించు అఫ్లటాక్సిన్ అను విషము మిక్కుటముగా కనిపించెను.

ఈ వృత్తాంతమున గ్రామపెద్దలు గ్రహింపవలసినది యొకటి కలదు. ఆ మొక్కజొన్న బూజుపట్టినదని తినినవారు చూడక పోలేదు. వారు నిరుపేద గిరిజనులు. అది విడిచినచో తినుటకు ఇంట వేరొక గింజ లేదు. "బూజు గింజ తినవలదు" అను హితవు అట్టివారి కడుపు నింపదు. మంచి గింజ దొరకు మార్గము చూపినపుడే ఆ హితవు ఫలించును.

మన దక్కను పీఠభూమిలో

ఇట్టిదే, కాని ప్రాణాపాయము లేనిది, 1995లో మన దక్కను పీఠభూమి గ్రామములలో సంభవించెను. కోతవేళ కురిసిన వానలకు చేలలోనే తడిసిన జొన్న, మొక్కజొన్న బూజుపట్టెను. ఆ పిండితో రొట్టెలు చేసికొని తినినవారికి కడుపునొప్పి, కడుపులో గుడగుడలు, విరేచనములు కలిగినవి. పోషకాహార సంస్థవారు గ్రామము వెంట గ్రామము తిరిగి విచారించిరి. ఆ గింజలలో ఫ్యుమోనిసిన్ అను మరియొక బూజువిషము మెండుగా నుండెను. అవే గింజలను ఒకనాటి కోడిపిల్లలకు మేపి చూడగా వాటికిని విరేచనములు పట్టుకొనెను. జనులు ఆ గింజలు తినుట మానినంతనే జబ్బు నిలిచెను.

పరిశోధనము, చికిత్స వేరు వేరు కావని దీనివలన తెలియుచున్నది. కారణము కనుగొనుటయే ఇచ్చట మందు. ఎన్ని మాత్రలు మ్రింగినను, ఆ గింజలు తినుచున్నంత కాలము ఆ విరేచనములు కట్టవు.

ఏలూరు అనుభవము

2020 డిసెంబరు 5వ తేదీనాటికి ఏలూరు పట్టణమున జనులు ఉన్నట్టుండి కూలిపోవసాగిరి. మూర్ఛ వచ్చుట, కొన్ని నిమిషములు స్పృహ తప్పుట, పిదప తలనొప్పి, వాంతులు, తికమక, ఇవి లక్షణములు. కొలది దినములలో 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చిరి. ఒకరు మరణించిరి. కరోనా మహమ్మారి నడుచుచున్న కాలమగుటచే ప్రజల భయమునకు మేర లేకుండెను.

ఏలూరు ప్రభుత్వాసుపత్రి వైద్యులు కారణము తెలియువరకు చేతులు ముడిచి కూర్చుండలేదు. రోగి శ్వాస నిలుచునట్లు చూచుట, మూర్ఛను ఆపు మందులిచ్చుట, పలుమారులు మూర్ఛ వచ్చినవారిని పెద్ద ఆసుపత్రులకు పంపుట, ఈ పనులను ముందు చేసిరి. ఆపత్కాల వైద్యమునకు ఇదియే మూలసూత్రము. వ్యాధి పేరు తెలియకున్నను ప్రాణము నిలుపవచ్చును. రోగులలో అత్యధికులు త్వరలోనే కోలుకొని యిండ్లకు చేరిరి.

మరియొక వంక కారణమును వెదకుట సాగెను. కరోనా పరీక్షలలో ఆ జాడ కనిపించలేదు. ఒకరినుండి మరియొకరికి అంటుచున్న గుర్తులును లేవు. తార్నాకనుండి పోషకాహార సంస్థ బృందము వచ్చి ఇండ్లలోని ఆహారము, నీరు, రోగుల రక్తము నమూనాలు సేకరించెను. తార్నాకకు చేరువనే హబ్సిగూడలో నున్న కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రమునకును నమూనాలు వెళ్లినవి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు రక్తములో సీసము, నికెలు లోహములు కలవనిరి. ఆహారము ద్వారా శరీరములో చేరిన పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమై యుండునని పరిశీలించిన నిపుణులు ప్రభుత్వమునకు తెలిపిరి. ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క అంశమును పట్టుకొనినది. మొదటి రెండు దినములలో తీసిన నమూనాలు ఎంత విలువైనవో ఇందువలన తేటపడును. గిన్నెలు కడిగిన తరువాత, కూరగాయలు పారవేసిన తరువాత వచ్చిన శాస్త్రజ్ఞునికి పరీక్షించుటకు మిగులునది ఏమియు లేదు.

పురుగుమందు డబ్బా

పురుగుమందు చేసిన అతి ఘోరమైన కీడు 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో జరిగెను. గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తినిన 23 మంది బాలబాలికలు మరణించిరి. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలినది. మన పత్తి, మిరప రైతులకు ఆ మందు పేరు తెలియనిది కాదు.

ఈ జాతి మందు శరీరమున చేరినపుడు కంటిపాప చిన్నదగును. చెమట, నోట చొంగ, కంట నీరు కారును. వాంతులు, విరేచనములు కలుగును. ఊపిరితిత్తులలో స్రావము చేరి శ్వాస ఆడదు. దీనికి అట్రోపిన్ అను సూదిమందు విరుగుడు. అది ఖరీదైనది కాదు. తగిన మోతాదులో, తగిన సమయమున పడినచో ప్రాణము దక్కును. తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అట్రోపిన్ నిలువ యున్నదా, ప్రాణవాయువు సిలిండరు నిండుగా నున్నదా యని వైద్యాధికారిని అడుగుటకు పంచాయతీ సభ్యులు సంకోచింపరాదు.

అంబులెన్సు వచ్చులోపల

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ నేడు మారుమూల పల్లెలకును చేరినది. ఐనను బండి గ్రామము చేరుటకు కొంత కాలము పట్టును. ఆ లోపల చేయవలసినవి, చేయరానివి ఇవి:

1. మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు ఒత్తిగిల్లునట్లు పరుండబెట్టవలెను. చేతిలో తాళపుచెవులు పెట్టుట, ముక్కు కడ ఉల్లిపాయ నుంచుట వలన లాభము లేదు. పండ్ల నడుమ చెంచా దూర్చుట హాని.

2. పురుగుమందు మ్రింగినవానికి ఉప్పునీరో, పేడనీరో త్రాగించి వాంతి చేయింపరాదు. వాంతి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయవచ్చును. మందు పడిన బట్టలు తీసివేసి, ఒంటిని సబ్బుతో కడుగవలెను. కడుగువారు తమ చేతులకు మందు తగులకుండ జాగ్రత్తపడవలెను.

3. మందు డబ్బాను, దానిపైని చీటీతో సహా, రోగితో పంపవలెను. ఆ చీటీ చూచినచో వైద్యునికి విరుగుడు వెంటనే తెలియును.

4. వాంతులు, విరేచనములు మాత్రమే గలిగి స్పృహలో నున్నవారికి ఓ.ఆర్.ఎస్. ద్రావణము కొద్దికొద్దిగా త్రాగించవలెను. పొట్లము దొరకనిచో కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపినది చాలును. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున కలరా ప్రబలినపుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి ద్రావణముతోనే అసంఖ్యాకుల ప్రాణములు నిలిపెను. స్పృహ లేనివారికి మాత్రము నోటిలో ఏమియు పోయరాదు.

పంచాయతీ చేతిలో నున్నది

ఒకే విధమైన జబ్బు రెండు మూడిండ్లలో కనిపించినంతనే ఆశ కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కబురు చేయవలెను. ఊరికి చెడ్డపేరు వచ్చునని దాచుట తగదు. ఒక నోటుపుస్తకములో జబ్బుపడినవారి వయస్సు, జబ్బు ఆరంభమైన వేళ, గడచిన రెండు దినములలో తిన్నది, త్రాగిన నీరు ఎచ్చటిది అను సంగతులు వ్రాయించవలెను. జబ్బుపడని ఇరుగుపొరుగువారి వివరములను గూడ వ్రాయుట మరువరాదు. పోల్చుటకు వీలు లేనిచో కారణము తేలదు. పశువులు, కుక్కలు, కోళ్లు జబ్బుపడినచో అదియు వ్రాయవలెను.

మిగిలిన అన్నము, కూర, నూనె, పిండి, గింజలు పారవేయకుండ శుభ్రమైన మూతగల పాత్రలలో వేరు వేరుగా నుంచి, ఏ యింటివో చీటీ అంటించి, అధికారులకు అప్పగించవలెను. అనుమానము గల నీటివనరును తాత్కాలికముగా మూసి వేరొక నీరు ఏర్పాటు చేయవలెను.

తడిసిన పంట విషయమున ముందుచూపు మరింత మేలు. మొక్కజొన్న, జొన్న, వేరుసెనగలను తేమ బాగుగా పోవునట్లు ఎండబెట్టి, నేల చెమ్మ తగులకుండ బల్లలపై బస్తాలు పేర్చవలెను. బూజువిషము కడిగినను పోదు, వండినను చావదు. అట్టి గింజలను పశువులకు వేసినచో ఆ విషము పాలలోనికి వచ్చును. కోతవేళ వానలు పడిన యేడు పంచాయతీవారు అందరికి పనికివచ్చు ఆరుగళ్లను, టార్పాలిన్లను సమకూర్చుట మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరగా చెప్పుచున్నాము. ఏ యింటి గింజలైనను పనికిరానివని తేలినచో, ఆ సాయంకాలము ఆ యింట పొయ్యి వెలుగునట్లు చూచు భారము పంచాయతీది. తహశీలుదారునకు వెంటనే తెలిపి చౌకధరల దుకాణము ద్వారా మారు గింజలు ఇప్పించవలెను. అవి వచ్చులోపల ఊరివారి చందాతోనైనను బియ్యము అందజేయవలెను. అట్లు చేయనిచో, పగలు పారవేసిన గింజలనే రాత్రివేళ తిరిగి ఏరుకొని తెచ్చు తల్లి యుండును. ఆమెను తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు.

తార్నాకలోని ప్రయోగశాల ఎంత గొప్పదైనను దాని పరిశోధన మన గ్రామమున వ్రాసి యుంచిన నోటుపుస్తకముతో, మూతపెట్టి దాచిన పిడికెడు గింజలతో ఆరంభమగును. రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చించి, ఎవరు కబురు చేయవలెనో, ఎవరు పుస్తకము వ్రాయవలెనో, ఎవరు నమూనాలు భద్రపరుపవలెనో పేర్లతో నిర్ణయించి యుంచుకొనవలెనని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.