సాఫ్ట్‌బాల్‌లో రన్నర్ ఇంటర్‌ఫియరెన్స్: ఉద్దేశం, చర్య, అంపైర్ నిర్ణయం

కీలకపదాలు: సాఫ్ట్‌బాల్, రన్నర్, ఇంటర్‌ఫియరెన్స్, ఉద్దేశం, అంపైర్ నిర్ణయం.

బేస్‌బాల్‌లో రెండు బేస్‌ల మధ్య దూరం 90 అడుగులు కాగా సాఫ్ట్‌బాల్‌లో 60 అడుగులు మాత్రమే. మైదానం ఇంత చిన్నది కావడంవల్ల బంతిని అందుకోబోయే ఫీల్డరూ, తరువాతి బేస్‌కు పరుగెత్తే రన్నరూ తరచుగా ఒకే చోట ఎదురుపడతారు. అప్పుడు దారి ఎవరిదన్న ప్రశ్నకు ఇంటర్‌ఫియరెన్స్ నియమం సమాధానం చెబుతుంది.

బంతిని ఆడే ప్రయత్నంలో ఉన్న ఫీల్డర్‌కు బ్యాటింగ్ జట్టువారు ఆటంకం కలిగించినా, తికమక పెట్టినా అది ఇంటర్‌ఫియరెన్స్. బంతి చేతిలో లేక, దానిని అందుకునే ప్రయత్నంలోనూ లేని ఫీల్డర్ రన్నర్‌కు అడ్డుపడితే అది అబ్‌స్ట్రక్షన్. తెలుగులో రెంటినీ ‘అడ్డుకోవడం’ అంటే ఈ భేదం చెరిగిపోతుంది. కనుక ఆ పేర్లను అలాగే ఉంచడం మేలు. ఆచరణలోనూ ఇవి వేరు. ఇంటర్‌ఫియరెన్స్ ప్రకటించగానే ఆట ఆగిపోతుంది. అబ్‌స్ట్రక్షన్ అయితే అంపైర్ పిడికిలి బిగించి ఎడమచేతిని పక్కకు చాచి, ఆటను సాగనిస్తాడు.

దారి హక్కు

రెండవ బేస్‌పై ఒక రన్నర్ ఉందనుకుందాం. బ్యాటర్ కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ వైపు దొర్లింది. రన్నర్ మూడవ బేస్‌కు తిన్నగా పరుగెత్తింది. ఆమె తనను ఢీకొంటుందేమోనని షార్ట్‌స్టాప్ ఒక్క క్షణం ఆగింది, బంతి దాటిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు తాకనేలేదు. అయినా రన్నర్ అవుట్. బ్యాటర్‌కు మొదటి బేస్ లభిస్తుంది. ‘నా దారిలో నేను పరుగెత్తాను’ అన్న వాదన ఇక్కడ చెల్లదు. కొట్టిన బంతి విషయంలో దారి ఫీల్డర్‌దే, తప్పుకుపోవలసింది రన్నర్. డబుల్ ప్లేను చెడగొట్టినట్లు అంపైర్ భావిస్తే మరొకరు కూడా అవుట్ కావచ్చు.

అయితే ఈ రక్షణ ఒక్క ఫీల్డర్‌కే వర్తిస్తుంది. ఒకే బంతికోసం ఇద్దరు వచ్చినప్పుడు దానిని అందుకోగలిగేది ఎవరో అంపైర్ తేల్చాలి. రన్నర్ ఆమెకు అడ్డుపడితే ఇంటర్‌ఫియరెన్స్. పక్కనున్న రెండవ ఫీల్డర్ రన్నర్‌కు అడ్డుపడితే అబ్‌స్ట్రక్షన్. చూసేవారికి రెండు ఘటనలూ ఒకేలా కనిపిస్తాయి. ఫలితాలు మాత్రం పూర్తిగా విరుద్ధం. ప్రేక్షకులు అంపైర్‌ను పక్షపాతి అని నిందించే సందర్భాలలో చాలావరకు ఇలాంటివే.

‘ఉద్దేశపూర్వకంగా’

తెలుగు పాఠకులకు బాగా పరిచయమైన క్రికెట్‌లో ఫీల్డింగ్‌ను అడ్డుకున్నందుకు బ్యాటర్‌ను అవుట్ చేయాలంటే ఆ చర్య బుద్ధిపూర్వకమై ఉండాలి. 1989లో అహ్మదాబాద్‌లో శ్రీలంకపై మొహిందర్ అమర్‌నాథ్ అలా అవుటయ్యాడు. అమెరికా సాఫ్ట్‌బాల్ నియమావళి వేరే మార్గం పట్టింది. ఈ శతాబ్దపు తొలి దశకంలో కొన్ని ఇంటర్‌ఫియరెన్స్ ఉపనియమాల నుంచి ‘ఉద్దేశపూర్వకంగా’ అనే పదాన్ని తొలగించింది. అంపైర్‌కు కనిపించేది కదలిక, మనసు కాదు.

ఈ మార్పును అపార్థం చేసుకున్నవారూ ఉన్నారు. విసిరిన బంతి తగిలితే చాలు రన్నర్ అవుటన్నది వారి భావన. కాని బంతి తగలడం ఒక సంఘటన మాత్రమే. నియమం కోరేది రన్నర్ చేసిన ఒక చర్య. సహజంగా పరుగెత్తుతున్న రన్నర్ వీపుకు బంతి తగిలితే, తగిలినంత మాత్రాన ఆమె అవుట్ కాదు. బంతి వచ్చే దారిలోకి చేయి ఎత్తినా, భుజం తిప్పినా సంగతి వేరు. మరి ఆ భుజం దెబ్బకు జడిసి తిరిగిందా, బంతిని మళ్లించడానికి తిరిగిందా? ఈ ప్రశ్న వేసుకోగానే, నియమావళి నుంచి తొలగించిన ఉద్దేశం దొడ్డిదారిన తిరిగి వచ్చినట్లే.

ఈ చిక్కుకు ప్రసిద్ధమైన ఉదాహరణ బేస్‌బాల్‌లో ఉంది. 1978 వరల్డ్ సిరీస్ నాలుగవ ఆటలో యాంకీస్ రన్నర్ రెగీ జాక్సన్ రెండవ బేస్ వద్ద అవుటయ్యాడు. డబుల్ ప్లే పూర్తిచేయడానికి డాడ్జర్స్ ఆటగాడు బిల్ రస్సెల్ మొదటి బేస్‌కు విసిరిన బంతి, దారి మధ్యలో నిలబడి ఉన్న జాక్సన్ తుంటికి తగిలి పక్కకు పోయింది. ఈలోగా ఒక పరుగు వచ్చింది. విసిరిన బంతి విషయంలో బేస్‌బాల్ నియమం ఉద్దేశాన్ని కోరుతుంది. డాడ్జర్స్ మేనేజర్ టామీ లసోర్డా ఎంత వాదించినా అంపైర్లు ఇంటర్‌ఫియరెన్స్ ప్రకటించలేదు. యాంకీస్ 10 ఇన్నింగ్స్‌లో 4-3తో గెలిచింది. ఆ తుంటి కదలిక యాదృచ్ఛికమా, కాదా అన్న చర్చ మాత్రం ముగియలేదు. ‘ఉద్దేశపూర్వకంగా’ అనే పదం లేని నియమం కింద చూసినా అక్కడ తేలవలసింది ఆ కదలికే.

అంపైర్ మాట

అంపైర్ విచక్షణతో ఇచ్చిన నిర్ణయంపై ప్రొటెస్ట్ చెల్లదు. నియమాన్ని తప్పుగా అన్వయిస్తే చెల్లుతుంది. పై ఉదాహరణలో ‘షార్ట్‌స్టాప్‌కు ఆటంకం కలగలేదని నాకు తోచింది’ అని అంపైర్ చెబితే, అది పొరపాటే అయినా వివాదం అక్కడితో సరి. ‘ఒకరినొకరు తాకలేదు కాబట్టి ఇంటర్‌ఫియరెన్స్ కాదు’ అంటే మాత్రం ప్రొటెస్ట్‌కు ఆస్కారం ఉంటుంది. తాకడం తప్పనిసరి అని నియమం చెప్పదు. నిర్ణయం ఒకటే. దానికి చెప్పిన కారణాన్ని బట్టి ఒకటి విచక్షణ అవుతుంది, రెండవది నియమోల్లంఘన అవుతుంది. అందుకే అనుభవమున్న కోచ్ మైదానంలోకి వచ్చినప్పుడు నిర్ణయాన్ని తప్పుపట్టడంతో మొదలుపెట్టదు. ‘మీరు ఏమి చూశారు?’ అని అడుగుతుంది.