బూజు గింజ – కార్జానికి గండం



కామెర్లు అనగానే మన తాండాల్లో పసరు మందు, వాతలు, పత్యం గుర్తుకొస్తాయి. కానీ కామెర్లు అనేది రోగం కాదు, రోగానికి గుర్తు మాత్రమే. లోపల కార్జం చెడిందని చాలాసార్లు పచ్చబడిన కళ్లే మనకు చెబుతాయి. అది ఎందుకు చెడింది అన్నదే అసలు ప్రశ్న.

మనం కార్జం అనేదాన్ని పుస్తకంలో కాలేయం అంటారు. ఇది కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవాళ్లలో సుమారు కిలోన్నర తూగుతుంది. పైత్యరసం తయారు చేయడం, చక్కెరను దాచి కావలసినప్పుడు ఇవ్వడం, విషాన్ని విరిచేయడం దీని పనులు. తిన్న అన్నం అరిగి పేగుల నుంచి రక్తంలో కలిశాక ముందు పోయేది దీని దగ్గరికే. అందుకే తిండిలో విషముంటే మొదటి దెబ్బ దీనికే.

మురికి నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. రక్తం, సూదుల ద్వారా వచ్చే బి, సి. సారా, బ్రాందీ – ఇవి కార్జానికి శత్రువులని మనం వింటూనే ఉంటాం. ఎక్కువగా వినని శత్రువు ఇంకొకటుంది. అదే బూజు.

కుక్కలు ముందే చెప్పాయి

1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల్లో 150కి పైగా ఊళ్లలో ఒక జబ్బు పుట్టింది. కళ్లు పచ్చబడేవి, కొద్దిరోజుల్లోనే పొట్టలో నీరు చేరి ఉబ్బేది. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది చనిపోయారు. వాళ్లంతా మనలాంటి గిరిజనులే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, రమేశ్ భట్ మొదలైనవారు దీన్ని పరిశోధించారు. వాళ్లకు రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, మొక్కజొన్న ముఖ్యమైన తిండిగా ఉన్న గిరిజనులకే జబ్బు వచ్చింది. రెండు, మనుషులకంటే ముందే ఊళ్లో కుక్కలకు ఇలాంటి జబ్బే వచ్చింది. కుక్క తినేది మనం పెట్టే మిగులు తిండే కదా! అంటే తప్పు తిండిలోనే ఉండాలి. గింజలు పరీక్ష చేస్తే వాటినిండా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, అది వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడ్డాయి. ఆ ఏడు అక్కడ కరువు. దానికితోడు కోతకు ముందు అకాల వాన పడింది. గింజ దాచుకోను మంచి చోటు లేదు. పారేస్తే తినడానికి వేరే గింజ లేదు. బూజుదే తిన్నారు.

ఈ విషం శనక్కాయల వల్లనే లోకానికి తెలిసింది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వెతికితే, వాటికి దాణాగా వేసిన బ్రెజిల్ శనక్కాయ చెక్కలో ఇదే విషం దొరికింది.

విషం ఏం చేస్తుంది?

కార్జం ఈ విషాన్ని విరిచేయబోతుంది. కానీ విరిచేటప్పుడే అది ఇంకా చెడ్డ రూపానికి మారి, కణం లోపలి డి.ఎన్.ఎ.కు అంటుకుంటుంది. ఒకేసారి ఎక్కువ తింటే బాంస్‌వాడాలో లాగా ప్రాణం మీదికి వస్తుంది. కొంచెం కొంచెంగా ఏండ్ల తరబడి తింటే కార్జానికి క్యాన్సర్ రావచ్చు. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. బి రాకుండా టీకా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని మన దేశంలోనే తయారు చేసి తక్కువ ధరకు అందించింది. ఇప్పుడు పుట్టిన బిడ్డకు సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు.

మనకెందుకు ఈ సంగతి?

మన ఆస్పరి, ఆదోని, పత్తికొండ వైపు శనక్కాయ వాన మీద ఆధారపడిన పంట. కాయ ఊరేటప్పుడు వాన మొహం చాటేస్తే, బెట్టకు మట్టిలోని బూజు కాయలోకి దూరుతుంది. పీకి కుప్ప వేశాక వాన పడితే ఇంకా పెరుగుతుంది. పైగా చాలా ఇళ్లలో మంచి కాయలు మార్కెట్ యార్డుకు పోతాయి. ముడుచుకున్నవి, పగిలినవి, నల్లబడినవి ఇంట్లో మిగులుతాయి. చట్నీ నూరేది వాటితోనే. విషం ఎక్కువగా ఉండేది కూడా వాటిలోనే!

వేయిస్తే పోదా అని అడుగుతారు. పోదు. వేడికి బూజు చస్తుంది కానీ, అది వదిలిన విషం చాలావరకు అట్లే ఉంటుంది. కడిగినా, తుడిచినా అంతే. బూజు చెక్కను ఆవుకు పెడితే పాలలోకి కూడా వస్తుంది.

కాబట్టి గుర్తుంచుకోండి:

1. కాయ పీకాక కాయలు పైకి వచ్చేలా తిరగేసి బాగా ఎండబెట్టాలి. లోపల గింజ గలగలమనాలి.
2. సంచులు నేల మీద, తడి గోడ పక్కన పెట్టకూడదు. కింద చెక్కలు వేయాలి.
3. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరి పారేయాలి. పశువులకూ, కోళ్లకూ, కుక్కలకూ వేయకూడదు.
4. నోట్లో చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయాలి.
5. కళ్లు పచ్చబడితే ఆలస్యం చేయక వార్డెన్ సారుకు చెప్పి డాక్టరు దగ్గరికి పోవాలి.

మన హాస్టల్ వంటశాలలో బుడ్డలు ఏరే రోజు మనమూ నలుగురం కూర్చుందాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు ఈ సంగతి చెబుదాం. పిడికెడు బూజు గింజలు పారేస్తే పోయేది ఒకటి రెండు రూపాయలు. కార్జం పోతే కొనుక్కొచ్చే అంగడి లేదు.