‘లేదంటే చచ్చిపో!’

పరీక్ష ఫలితాల కోసమో, బస్సు టికెట్టు కోసమో వెబ్‌సైట్ తెరిస్తే తెల్లటి తెరమీద ఓ ఇంగ్లిషు ముక్క... ‘ఫలానా యూజర్‌కి అనుమతి లేదు’ అనో, ‘ఫలానా టేబుల్ లేదు’ అనో. ఒకప్పుడు ఇది మామూలే. దాని వెనక చాలాసార్లు ఉండేది ఒకే ఒక్క మాట: ‘ఆర్ డై మైఎస్‌క్యూఎల్ ఎర్రర్’. పని జరక్కపోతే తప్పేమిటో చెప్పి చచ్చిపొమ్మని ప్రోగ్రామ్‌కి ఆజ్ఞ!

ఇది పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలోది. 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ విడుదల చేసిన ఈ భాషతోనే వికీపీడియా నడుస్తోంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడేందుకు అందులో కొన్ని ఫంక్షన్లుండేవి. తేడా వస్తే అవి ప్రోగ్రామ్‌ని ఆపవు, ‘కాలేదు’ అని సంకేతమిచ్చి ఊరుకుంటాయి. ప్రతిచోటా దాన్ని పట్టి చూడ్డం విసుగు కదా, అందుకే ఈ అడ్డదారి. రాసేటప్పుడు భలే సౌకర్యం. చిక్కల్లా, అదే వాక్యం అసలు సైట్‌లోకీ వెళ్లిపోవడం. అప్పుడిక డేటాబేస్ పేరూ యూజర్ పేరూ ఎవరైనా చదువుకోవచ్చు. బీరువా ఏ గదిలో ఉందో దొంగకి చెప్పినట్టే!

భద్రతకి కావలసిన కొత్త సదుపాయాలు కూడా ఆ ఫంక్షన్లలో లేవు. దాంతో 2013లో 5.5 వెర్షన్ వాటిని వాడొద్దంది. 2015 డిసెంబరులో 7.0 ఏకంగా తీసేసింది. మరి మాన్యువల్ మాటేమిటి? పేజీలు ఉంచితే కొత్తవాళ్లు వాటినే కాపీ కొడతారు. తీసేస్తే పాత సైట్లకి మరమ్మతు చేసేవాళ్లకి దిక్కుండదు. చివరికి ఆ పేజీల నెత్తిన ఎర్ర పెట్టెలో హెచ్చరిక పెట్టి, మైఎస్‌క్యూఎల్‌ఐ, పీడీఓ వాడమని దారి చూపించారు.

అయితే అందరూ మాన్యువల్ చదివే నేర్చుకుంటారా? అమీర్‌పేట జిరాక్సు షాపులో కొన్న నోట్సుకీ, సీనియర్ ఇచ్చిన పాత ప్రాజెక్టుకీ ఆ ఎర్ర పెట్టె అంటుకోదుగా! అందుకే కొత్త ఫంక్షన్లకీ పాత తోకే తగిలించడం అలవాటైపోయింది.

2020లో పీడీఓకీ, మరుసటి ఏడాది వచ్చిన 8.1లో మైఎస్‌క్యూఎల్‌ఐకీ పద్ధతి మార్చారు. ఎవరూ అడక్కపోయినా తప్పు దానంతటదే ‘ఎక్సెప్షన్’గా బయటపడుతుంది. దాన్ని తెరమీద చూపకుండా లాగ్ ఫైల్లో రాయించే పూచీ మాత్రం సైట్ నడిపేవాళ్లదే. 8.1లో మైఎస్‌క్యూఎల్‌ఐకి ఎవరైనా ‘ఆర్ డై’ తగిలించినా, సెట్టింగులు మార్చకపోతే, తప్పు జరిగినప్పుడు ప్రోగ్రామ్ ఆ మాటదాకా రాదు. అంతకుముందే ఆగిపోతుంది.