ఎక్కడి గాలో.. ఇక్కడి కెరటం
వేసవి సముద్రం ప్రశాంతమన్నది భ్రమే

బాపట్ల: గాలి లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇటువంటి రోజుల్లో సూర్యలంక, వాడరేవు, రామాపురం తీరాలకు తరలివచ్చే సందర్శకులు సముద్రాన్ని చూసి నిర్భయంగా నీటిలోకి దిగుతుంటారు. గాలి లేనప్పుడు కెరటం కూడా ఉండదన్నది వారి నమ్మకం. వేసవి సెలవుల్లో తీరాన సంభవించే విషాదాలకు ఈ నమ్మకమూ ఒక కారణమే. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మన ఒడ్డును తాకే కెరటాలన్నీ బంగాళాఖాతంలో పుట్టినవి కావు. వేల కిలోమీటర్ల అవతల వీచిన గాలి ప్రభావం కొన్ని రోజుల తర్వాత ఇక్కడికి చేరుతుంది.

దక్షిణాన పుట్టి..

మనకు వేసవి ముదురుతున్న వేళ భూమధ్యరేఖకు ఆవల దక్షిణార్ధ గోళంలో శీతకాలం మొదలవుతుంది. అక్కడ 40 డిగ్రీల అక్షాంశం దాటిన తర్వాత పడమటి గాలులను అడ్డుకునే భూభాగం దాదాపు లేదు. పూర్వపు నావికులు ఆ ప్రాంతానికి ‘గర్జించే నలభైలు’ అని పేరు పెట్టుకున్నారు. అక్కడి తుపానుల ధాటికి లేచిన కెరటాలు ఆ గాలి ఆగిపోయినా ఆగవు. హిందూ మహాసముద్రం మీదుగా ఉత్తరంగా ప్రయాణిస్తూ రోజుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగుతాయి.

స్థానికంగా వీచే గాలికి లేచే అల ఐదారు సెకన్లకొకటి చొప్పున వస్తుంది. దూరం నుంచి వచ్చే ఉబ్బు కెరటానికి, దాని తర్వాతి కెరటానికి మధ్య 15 నుంచి 20 సెకన్ల దాకా వ్యవధి ఉంటుంది. నడి సముద్రంలో పడవ మీద ఉన్నవారికి అది తెలియను కూడా తెలియదు. మెల్లగా పైకెత్తి దించినట్లు ఉంటుంది, అంతే. లోతు తగ్గిన చోట మాత్రం దాని అసలు బలం బయటపడుతుంది. ఒక్కసారిగా ఎత్తు పెరిగి ఒడ్డు మీదికి చాలా దూరం దూసుకువస్తుంది. కేరళ మత్స్యకారులు దీనిని ‘కల్లక్కడల్’ అంటారు. దొంగలా వచ్చే సముద్రమని అర్థం. అదే పేరును అంతర్జాతీయ శాస్త్రవేత్తలు సైతం స్వీకరించడం విశేషం. దీని తాకిడి ఎక్కువగా కేరళ, దక్షిణ తమిళనాడు తీరాలకే అయినా మన తీరానికి మినహాయింపు లేదు. పున్నమి, అమావాస్యల పోటుతో కలిస్తే ఒడ్డున నిలిపిన నావలు, ఆరబెట్టిన వలలు కొట్టుకుపోయే ప్రమాదముంది.

తెల్లని నురగ లేని చోటే..

స్నానాలకు దిగేవారు గుర్తించవలసినది మరొకటి ఉంది. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు తిరిగి వెళ్లిపోవాలి. ఇసుక తిన్నెల నడుమ గండి ఉన్న చోట ఆ నీరంతా ఒకే పాయగా సముద్రంలోకి లాగుకుపోతుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి కెరటం విరగదు, నురగ కనిపించదు. చూపరులకు అదే ప్రశాంతమైన చోటుగా తోస్తుంది. పిల్లలతో వచ్చినవారు ఏరికోరి అక్కడే దిగడం కద్దు. ఆ పాయలో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే కొద్ది దూరంలోనే పాయ నుంచి బయటపడవచ్చు. ఈత రానివారు మోకాటి లోతు దాటకపోవడమే మేలు.

అంకెల వెనుక అర్థం

హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ప్రతిరోజూ సముద్ర స్థితిపై ముందస్తు సమాచారం ఇస్తోంది. 1999లో ఏర్పడిన ఈ సంస్థ చేపలు దొరికే ప్రాంతాలను సూచించడంతో పాటు ఉబ్బు కెరటాలపైనా హెచ్చరికలు జారీ చేస్తోంది. ఆ సమాచారంలో ‘అలల ఎత్తు 2 మీటర్లు’ అని ఉంటే ఏ అలా అంతకు మించదని చాలామంది భావిస్తారు. అది సరికాదు. వచ్చే అలలన్నింటిలో పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తునే అలా చెబుతారు. విడిగా ఒక అల దానికి దాదాపు రెట్టింపు ఎత్తుకు లేవవచ్చు. ఎత్తు తక్కువే ఉన్నా అలల మధ్య వ్యవధి 15 సెకన్లు దాటినట్లు ఉంటే ఒడ్డున ఉన్నవారికి అది హెచ్చరికగానే భావించాలి.

మే నెల తుపానులు

వేసవిలో రెండో ముప్పు తుపాను. సముద్ర ఉపరితలం 26.5 డిగ్రీల సెల్సియస్ మించి వేడెక్కితే తుపాను బలపడేందుకు అనుకూలత ఏర్పడుతుంది. మే నెలలో బంగాళాఖాతం 29 నుంచి 31 డిగ్రీల దాకా చేరుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి వంటి నదుల మంచినీరు పైపొరగా నిలిచి, అడుగున ఉన్న చల్లని నీటిని పైకి రానీయకపోవడమూ ఇందుకు తోడవుతోంది. జులై, ఆగస్టుల్లో నీరు వెచ్చగానే ఉన్నా తీవ్ర తుపానులు అరుదు. రుతుపవనాల వేళ కింద ఒక దిశలో, పైన మరో దిశలో వీచే గాలులు సుడి నిలదొక్కుకోకుండా చెదరగొట్టడమే దీనికి హేతువు.

1979 మే 12న నెల్లూరు - ఒంగోలు తీరాన్ని, 1990 మే 9న కృష్ణా డెల్టాను తాకిన తుపానులు వందల ప్రాణాలను బలిగొన్నాయి. 2010 మే 20న ‘లైలా’ బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2022 మేలో ‘అసని’ తీరానికి చేరువగా వచ్చి ఈశాన్యానికి మళ్లుతుందని తొలుత అంచనా వేశారు. చివరకు అది బలహీనపడి మచిలీపట్నం - నరసాపురం మధ్య తీరం దాటింది.

మేలో పుట్టే తుపానులు చాలావరకు ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్‌ల వైపే మళ్లుతాయి. 2019లో ‘ఫణి’, 2020లో ‘అంపన్’, 2023లో ‘మోచా’ ఆ దారినే పోయాయి. తుపాను తప్పిందని ఊపిరి పీల్చుకుంటే సరిపోదు. సుడిగాలి మనకు ఈశాన్యాన ఉన్నప్పుడు దాని చుట్టూ అపసవ్య దిశలో తిరిగే గాలి మనకు వాయవ్యం నుంచి, అంటే భూమి మీదుగా వస్తుంది. సముద్రపు గాలి ఆగిపోతుంది. తేమను తుపాను తనతో లాక్కుపోతుంది. 2003 మేలో బంగాళాఖాతంలోని తుపాను మయన్మార్ వైపు వెళ్లిన తర్వాత రాష్ట్రంలో వడగాడ్పులు విజృంభించి వెయ్యి మందికి పైగా మరణించారు. తుపాను దూరమైన రోజుల్లో పొలం పనులను ఉదయమే ముగించుకోవడం అవసరం.

రేవులో ఎగిరే నంబరు

నిజాంపట్నం, మచిలీపట్నం వంటి రేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికల గురించి మా పత్రికలవాళ్లం సంఖ్య రాసి ఊరుకుంటాం, దాని అర్థం మాత్రం చెప్పం. 1, 2 నంబర్లు దూరాన వాయుగుండమో, తుపానో ఉందని తెలుపుతాయి. 3, 4 రేవు వాతావరణానికే సంబంధించినవి. 5, 6, 7 తుపానుకు, 8, 9, 10 అంతకంటే తీవ్రమైన తుపానుకు గుర్తులు. సంఖ్య పెరిగిన కొద్దీ ప్రతిసారీ ప్రమాదం ఒక మెట్టు పెరిగిందని అర్థం కాదు. 5, 8 నంబర్లు ఉంటే రేవు తుపాను దారికి ఎడమన, 6, 9 ఉంటే కుడివైపున ఉందని, 7, 10 అయితే రేవు మీదుగానో, సమీపంలోనో దాటుతుందని భావం. పడమరకు కదిలే తుపానుకు కుడివైపు అంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీచి నీటిని ఊళ్ల మీదికి తోస్తుంది. 1977 నవంబరులో తుపాను చీరాల వద్ద తీరం దాటినా ఉప్పెన దివిసీమను ముంచెత్తడానికి కారణమిదే. 11వ నంబరుకు రేవుతో సమాచార సంబంధాలు తెగిపోయాయని మాత్రమే అర్థం.

అరేబియా ప్రభావం

పడమటి సముద్రంలోని మార్పులు సైతం మన సాగును తాకుతాయి. 2023 జూన్‌లో అరేబియా సముద్రంలో ‘బిపర్‌జాయ్’ తుపాను రుతుపవనాల గమనానికి ఆటంకమైంది. జూన్ 1 నాటికి కేరళను తాకవలసిన రుతుపవనాలు ఆ ఏడాది 8న వచ్చాయి. రుతుపవనాలు ఊపందుకున్నాక ఆ సముద్రం అల్లకల్లోలమవుతుంది. పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి జులై 31 వరకు అమలవుతుంది.

వేట మొదలయ్యాక

తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమన్నదే దీని ఉద్దేశం. ఇంజిన్లు లేని సంప్రదాయ తెప్పలకు నిషేధం వర్తించదు కాబట్టి మే నెల సముద్రంలో ఉండేది వారే. మరబోట్లు జూన్ 15 నుంచి వేటకు వెళతాయి. అప్పటికి వీచే నైరుతి గాలి మన తీరంలో భూమి వైపు నుంచి వస్తుంది. అందువల్ల ఒడ్డు దగ్గర నీరు చదునుగా కనిపించినా లోపలికి వెళ్లిన కొద్దీ అలల ఎత్తు పెరుగుతుంది. ఇంజిన్ ఆగిపోయిన బోటును గాలి ఒడ్డుకు చేర్చదు, ఈశాన్య దిశగా సముద్రం లోపలికే తీసుకుపోతుంది. ఆపదలో చిక్కుకున్నవారు తీర రక్షక దళాన్ని 1554 నంబరులో, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థను 1070 నంబరులో సంప్రదించవచ్చు. ఒడ్డు నుంచి దూరం వెళ్లాక సెల్‌ఫోన్ సంకేతాలు అందవు గనుక బోటులో పనిచేసే వైర్‌లెస్ సెట్ ఉండాలి.