కంపెనీ ఉందనడానికి ఏది రుజువు?

శ్రీ విజయపురం శివారులోని ఆస్టినాబాద్ వంటి చోట ఒక కంపెనీ కార్యాలయం తెరిచి, నమోదు ధ్రువపత్రాన్ని పటం కట్టించి గోడకు తగిలిస్తే, దానిపై నాలుగు సింహాల ముద్ర చూసి డబ్బు చేతిలో పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌గా వ్యవహరించే ఆ పత్రం చెప్పేది ఒక్కటే: ఫలానా తేదీన, ఫలానా పేరుతో ఒక కంపెనీ చట్టం దృష్టిలో పుట్టిందని. అది జనన ధ్రువపత్రమే గాని నడవడిక పత్రం కాదు.

కంపెనీల చట్టం–2013లోని 7వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ దీనిని జారీ చేస్తారు. అందులోని తేదీ నుంచి కంపెనీ తన వాటాదారులకు భిన్నమైన వ్యక్తి అవుతుంది. సొంత పేరిట ఆస్తి కొనగలదు, దావా వేయగలదు. కొత్త దరఖాస్తుల పరిశీలన హర్యానాలోని మానేసర్ కేంద్రంలో జరుగుతుంది. అండమాన్ నికోబార్ కంపెనీల తదుపరి వ్యవహారాలకు మాత్రం సముద్రం అవతలి వైపు చూడవలసిందే.

పత్రంపై ఉండే 21 అక్షరాంకెల గుర్తింపు సంఖ్యను చదవడం కష్టమేమీ కాదు. మొదటి అక్షరం ‘ఎల్’ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ, ‘యు’ అయితే కానిది. తరువాత వ్యాపార రంగాన్ని తెలిపే ఐదంకెలు, ప్రాంతాన్ని తెలిపే రెండక్షరాలు (ఈ దీవులకు ‘ఎఎన్’), పుట్టిన సంవత్సరం, కంపెనీ తరగతి, చివర ఆరంకెల నమోదు సంఖ్య. పేరులో ‘కార్పొరేషన్’ ఉన్నంత మాత్రాన అన్నీ ఒక కోవకు చెందవు. 1988లో ఏర్పడిన అండమాన్ నికోబార్ సమీకృత అభివృద్ధి కార్పొరేషన్ కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ. జీవిత బీమా సంస్థ అలా కాదు. 1956లో పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమే దాని ఉనికికి ఆధారం.

అసలు చిక్కు పత్రం పాతబడినప్పుడు వస్తుంది. వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం చేయని కంపెనీ పేరును 248వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ జాబితా నుంచి తొలగించవచ్చు. 2017లో దేశవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా కంపెనీలు ఇలా తొలగిపోయాయి. అలా రద్దయిన కంపెనీ ధ్రువపత్రం కూడా, రావలసిన బాకీల వసూలుకు, అప్పుల చెల్లింపునకు తప్ప, రద్దయినట్టే పరిగణించాలని 250వ సెక్షన్ చెబుతోంది. గోడమీది కాగితానికి ఆ సంగతి తెలియదు! అందుకే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరుతో వెతికి, ‘యాక్టివ్’ అని ఉన్నదో ‘స్ట్రక్ ఆఫ్’ అని ఉన్నదో చూసుకోవాలి.

‘యాక్టివ్’ అని ఉన్నా డిపాజిట్లు సేకరించే హక్కు దానంతట అది రాదు. బ్యాంకింగేతర ఆర్థిక సంస్థకు రిజర్వు బ్యాంకు ఇచ్చే నమోదు పత్రం వేరే ఉండాలి. అది ఉన్నా, డిపాజిట్లు తీసుకునే అనుమతి అన్నిటికీ ఉండదు. విజయవాడ కేంద్రంగా సాగిన అగ్రిగోల్డ్ వ్యవహారంలో 150కి పైగా కంపెనీలు నెలకొల్పి, దాదాపు 32 లక్షల మంది నుంచి డబ్బు సేకరించారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ పేర్కొంది. నమోదు పత్రాలకు అక్కడ కొరత లేదు.

డబ్బు ఇచ్చిన తరువాత కంపెనీ పేరు తొలగిపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. రుణదాతలు, సభ్యులు, కార్మికులు గెజిట్ ప్రకటన వెలువడిన 20 ఏళ్లలోగా, పేరు పునరుద్ధరించాలని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ను కోరవచ్చు. ఈ దీవులవారికి ఆ ట్రైబ్యునల్ ధర్మాసనం కోల్‌కతాలో ఉంది.