వేసవి దుస్తుల ఎంపిక

ఉగాదికి కొత్త బట్టలు కొనడం తెలుగు ఇళ్ళలో ఆనవాయితీ. ఆ పండుగ వేసవి ముఖద్వారంలో వస్తుంది. కనుక ఆ రోజు కట్టుకొన్న బట్టలే తరువాత రెండు మూడు నెలల ఎండలకు కూడా పనికిరావలసి ఉంటుంది. కాని దుకాణంలో మనం పరిశీలించేది రంగు, అంచు, ధర, ఇస్త్రీ అవసరమా కాదా అన్న విషయాలనే. ఈ గుడ్డ చెమటను ఏమి చేస్తుంది, గాలిని పోనిస్తుందా అని అడిగేవారు తక్కువ.

కొన్నేళ్ళ క్రితం ఈ వ్యాసకర్త కూడా అలాగే చేశాడు. ఇస్త్రీ బాధ ఉండదని ఉగాదికి మూడు పాలియెస్టరు చొక్కాలు కొన్నాడు. ఏప్రిల్ నెలలో పరీక్షల గదిలో మూడు గంటలు తిరిగేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పక్కనే ఉన్న ప్రయోగశాల సహాయకుడు ముతక నూలు చొక్కాతో తేలికగా కూర్చుని ఉన్నాడు. "మీ చొక్కా చెమట తాగదు సార్" అన్నాడతను. ఆయనకూ చెమట పడుతూనే ఉన్నది. అయితే అది ఎప్పటికప్పుడు ఆరిపోతున్నది. ఆ ఒక్క మాటను భౌతికశాస్త్రం వెలుగులో విప్పి చూస్తే వేసవికి ఏ బట్టలు కావాలో బోధపడుతుంది.

శరీరంలోని వేడి ఎక్కడికి పోతుంది?

ఊరక కూర్చున్న వయోజనుని శరీరం సుమారు 100 వాట్ల విద్యుద్దీపమంత వేడిని నిరంతరం పుట్టిస్తుంది. ఆ వేడి బయటకు పోకపోతే శరీర ఉష్ణోగ్రత గంటగంటకు పెరిగిపోతుంది. వేడి పోవడానికి నాలుగు దారులున్నాయి: తాకిన వస్తువులలోనికి వహనం, కదిలే గాలి ద్వారా సంవహనం, చుట్టూ ఉన్న వస్తువుల వైపు వికిరణం, చెమట ఆవిరి కావడం, అనగా బాష్పీభవనం.

మొదటి మూడు దారులూ మన చర్మం పరిసరాల కంటె వెచ్చగా ఉన్నంతవరకే తెరచి ఉంటాయి. వేసవిలో చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు. బయటి గాలి 35 డిగ్రీలు దాటిందా, ఆ మూడు దారులూ తలక్రిందులవుతాయి; వాటి గుండా వేడి బయటకు పోవడానికి బదులు లోపలికి రావడం మొదలవుతుంది. అప్పుడు మిగిలేది చెమట ఒక్కటే.

చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల గుప్తోష్ణం కావాలి. 100 వాట్లంటే గంటకు సుమారు 86,000 కెలోరీలు. భాగించి చూడండి: ఊరక కూర్చున్నవాని వేడి పోవడానికే గంటకు దాదాపు 150 గ్రాముల చెమట ఆవిరి కావాలి. నడిచేవానికి, నాగలి పట్టేవానికి, మట్టి మోసే స్త్రీకి ఇది ఎన్నో రెట్లవుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెమట పట్టినంత మాత్రాన శరీరం చల్లబడదు. చెమట ఆవిరి అయితేనే చల్లబడుతుంది. గడ్డం నుంచి నేలమీదికి జారిన చుక్క నీటిని, ఉప్పును తీసుకొని పోయింది గాని వేడిని తీసుకొని పోలేదు. కుండలో నీరు చల్లబడేది కుండ గోడల నుంచి ఊరిన నీరు ఆవిరి కావడం వలననే. అదే నీటిని ఇత్తడి బిందెలో పోసి ఉంచితే అంతగా చల్లబడదు. మన బట్ట మట్టి కుండ వలె పనిచేస్తున్నదా, ఇత్తడి బిందె వలె పనిచేస్తున్నదా అన్నదే ప్రశ్న.

మనకు వేసవి ఒకటి కాదు, రెండు

రామగుండంలోను, రెంటచింతలలోను మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను సమీపించడం, దాటడం కూడా కద్దు. విశాఖపట్టణంలో ఉష్ణమాపకం అంత ఎత్తుకు అరుదుగా పోతుంది. అయినా విశాఖవాసులు ఉక్కపోతకు అల్లాడిపోతారు. కారణం గాలిలోని తేమ.

ఈ తేడాను తడి బల్బు ఉష్ణమాపకం స్పష్టంగా చూపుతుంది. తడి గుడ్డ చుట్టిన బల్బు బాష్పీభవనం చేత ఎంతవరకు చల్లబడగలదో అది చెబుతుంది. గాలి 42 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత నూటికి 20 ఉన్నచోట తడి బల్బు సుమారు 24 డిగ్రీల వద్ద నిలుస్తుంది. గాలి 35 డిగ్రీలే అయినా ఆర్ద్రత నూటికి 70 ఉన్నచోట అది సుమారు 30 డిగ్రీల వద్దనే ఆగిపోతుంది. మొదటి చోట చర్మానికీ తడి బల్బుకూ మధ్య 11 డిగ్రీల ఎడమున్నది. రెండవ చోట 5 డిగ్రీలే. నీటి కూలరు నిజామాబాదులో హాయినిచ్చి, విశాఖలో ఉక్కను పెంచడానికి కారణం ఇదే.

కాబట్టి లోపలి జిల్లాల పొడి ఎండలో బట్ట చేయవలసిన మొదటి పని వడగాలిని, ఎండను ఒంటికి తగలనీయకుండా అడ్డుకోవడం. చెమట తనంతట తానే ఆరిపోతుంది. కోస్తా ఉక్కలో బట్ట చేయవలసిన మొదటి పని ఆరడానికి ఇష్టపడని చెమటకు గాలి తగిలేటట్లు చేయడం. ఒకచోట నిండుగా కప్పుకోవాలి. మరొకచోట వీలైనంత విప్పారి ఉండాలి. ఒకే పెట్టె బట్టలు రెండు చోట్లకు సమానంగా పనికిరావు.

దారం గుణం

గుడ్డలోని దారాలు గాలిలోని తేమను ఎంత పీల్చుకొంటాయో వస్త్రశాస్త్రజ్ఞులు ఒక ప్రమాణ స్థితిలో కొలిచారు. 20 డిగ్రీల వద్ద, నూటికి 65 ఆర్ద్రతలో, పొడి బరువులో నూటికి ఉన్ని 16, విస్కోసు రేయాను 13, పట్టు 11, నూలు 8, నైలాను 4 వంతుల చొప్పున తేమను పీల్చుకొంటాయి. పాలియెస్టరు పీల్చుకొనేది నూటికి అర వంతు కూడా కాదు.

ఈ భేదం అణువుల నిర్మాణంలోనే ఉన్నది. ప్రత్తి అంటే సెల్యులోజు. దాని గొలుసు పొడుగునా నీటి అణువులను పట్టుకొనే హైడ్రాక్సిలు సమూహాలున్నాయి. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అనే రసాయనికులు కనుగొన్న పాలియెస్టరు దారంలో అటువంటి పట్టుకొమ్మలు దాదాపు లేవు. అందుకే అది త్వరగా ఆరుతుంది, ముడత పడదు, చాలాకాలం మన్నుతుంది. ఆ కారణాలకే జనం దానిని కొంటున్నారు. అందులో తప్పు లేదు.

పాలియెస్టరును పూర్తిగా నిందించడం కూడా న్యాయం కాదు. నేటి ఆటగాళ్ళ చొక్కాలు చాలావరకు పాలియెస్టరువే. వాటి దారాలకు సన్నని గాడులు తీర్చి, కేశనాళికత వలన చెమట దారాల మధ్యగా బయటి వైపుకు ప్రాకేటట్లు చేస్తారు. తడి లోపలికి ఇంకదు గాని పైపైన పరచుకొని త్వరగా ఆవిరవుతుంది. అయితే చౌకగా దొరికే దట్టపు నేత పాలియెస్టరు చొక్కాలో ఈ ఏర్పాటు ఉండదు. దానిలో తడి ఇంకదు, గాలి ఆడదు.

నూలుకూ ఒక లోపమున్నది. అది చెమటను బాగా తాగుతుంది గాని నిదానంగా ఆరుతుంది. కోస్తా ఉక్కలో దళసరి నూలుబట్ట పూర్తిగా తడిసి బరువెక్కి ఒంటికి అంటుకొంటుంది. అందుచేత దారం ఎంత ముఖ్యమో, నేత కూడా అంతే ముఖ్యం.

నేత, రంగు, కుట్టు

పడుగు పేకల మధ్య నున్న సందులే గుడ్డకు కిటికీలు. నూలు సన్నదనాన్ని నేతగాళ్ళు కౌంటులలో చెబుతారు. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది అన్ని కౌంటుల నూలు. అంకె పెరిగినకొద్దీ దారం సన్నబడుతుంది. అయితే సన్నని దారాన్ని దట్టంగా నేస్తే కిటికీలు మూసుకొనిపోతాయి. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడడం, నోటికి ఆనించి ఊది చూడడం దుకాణంలోనే చేయదగిన పరీక్షలు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, సన్నని నూలు వడికి నేసే ఖద్దరు ఈ రెండు పరీక్షలకూ నిలుస్తుంది. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేటల పలుచని నూలు చీరలు కూడా అటువంటివే.

రంగు విషయంలో తెలుపు చల్లన, నలుపు వేడి అని అందరికీ తెలుసు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో వ్రాసిన ఒక లేఖలో తాను చేసిన ప్రయోగాన్ని వర్ణించాడు. ఎండకాసే రోజున మంచుమీద వేరు వేరు రంగుల గుడ్డముక్కలు పరిస్తే, నల్లముక్క అన్నిటికంటె లోతుగా దిగింది, తెల్లముక్క దిగనేలేదు. అయితే మరి ఎడారిలో బెడూయిన్లు నల్లని అంగీలు ధరిస్తారెందుకు? 1980లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో దీనికి జవాబున్నది. నల్లని వదులు అంగీ ఎండ వేడిని ఎక్కువగానే పీల్చుకొన్నది. కాని ఆ అదనపు వేడి చర్మాన్ని చేరకముందే గుడ్డ నుంచి గాలిలో కలిసిపోయింది. తెల్ల అంగీ, నల్ల అంగీ తొడిగిన మనిషికి చేరిన వేడి ఒక్కటే. దీని నుంచి మనం గ్రహించవలసినది ఇది: ఒంటికి బిగిసిన బట్టలో రంగు భేదం చర్మానికి తెలుస్తుంది, వదులు బట్టలో ఆ భేదం తగ్గిపోతుంది. లేతరంగు మంచిది, వదులుదనం అంతకంటె మంచిది.

వదులు బట్ట లోపల వెచ్చబడిన గాలి పొగగొట్టంలో వలె మెడవైపు నుంచి పైకి పోతుంది. క్రింది నుంచి క్రొత్త గాలి వస్తుంది. పంచె, లుంగీ, వదులు పైజమా, లాల్చీ వేసవికి అనుకూలమైనవి ఇందువలననే. చీర కూడా ఈ కోవలోనిదే. కాని పైన ఎంత మంచి నూలు చీర కట్టినా లోపలి లంగా, రవికె లోపలి గుడ్డ జారుడు పాలియెస్టరువి అయితే ప్రయోజనం సగం పోయినట్లే.

గంజి పెట్టవచ్చునా అని చాలామంది అడుగుతారు. పలుచని గంజి గుడ్డను ఒంటికి అంటుకోకుండా ఎడంగా నిలబెడుతుంది. పొడి ఎండలో అది మేలు. చిక్కని గంజి దారాల సందులను పూడ్చివేస్తుంది. ఉక్కపోతలో అది కీడు.

పెట్టెలో ఏమి ఉండాలి?

నూలుబట్ట చెమటకు రోజూ ఉతకాలి. ఒంటిమీద ఒకటి, దండెం మీద ఒకటి, పెట్టెలో ఒకటి - ఈ లెక్కన మనిషికి మూడు జతలు కనీసం ఉండాలి. కోస్తాలో బట్టలు ఆరడం ఆలస్యం, రోజుకు రెండుసార్లు మార్చుకోవడం అవసరం. కనుక నాలుగు జతలు మేలు.

లోపలి జిల్లాలవారు లేతరంగు, నిండుచేతుల, వదులైన నూలు చొక్కాలు, లేదా చెంగును తలమీదికి తీసుకోవడానికి వీలైన నూలు చీరలు ఎంచుకోవాలి. వీటికి తోడు తలకు, చెవులకు, మెడకు చుట్టుకొనే పెద్ద నూలు తువ్వాలు తప్పనిసరి. రైతు తలపాగాలోని మడతల మధ్య నిలిచిన గాలి ఉష్ణాన్ని అడ్డుకొంటుంది. తువ్వాలును తడిపి చుట్టితే పొడిగాలిలో అది చిన్న కూలరు వలె పనిచేస్తుంది. కోస్తావారికి పలుచని, పొట్టిచేతుల, మెడ తెరచిన బట్టలు, అదనంగా ఒకటి రెండు నూలు బనియన్లు ఉపయోగం. పట్టుబట్టలు పెళ్ళి ముహూర్తానికి కట్టి, భోజనాల వేళకు మార్చుకోవడం ఉత్తమం.

పిల్లల ఏకరూప దుస్తుల సంగతి ఉపాధ్యాయులు ప్రత్యేకంగా ఆలోచించాలి. మన్నిక కోసం చాలాచోట్ల పాలియెస్టరు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమ గుడ్డను ఎంచుతారు. పైగా మెడకు టై, కాళ్ళకు మేజోళ్ళు. ఒంటిపూట బడులు నడిచే రోజులలోనూ, జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారాలలోనూ టై, మేజోళ్ళు మినహాయించడానికి ఖర్చేమీ లేదు. మెడ తెరిస్తే పైన చెప్పిన పొగగొట్టం తెరచినట్లే.

తరగతిలో చేయదగిన ప్రయోగాలు

ఒకటి: రెండు ఉష్ణమాపకాలు తీసుకొని, ఒకదాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి విసనకర్రతో విసరండి. రెండింటి తేడాను వారంరోజులు వ్రాసి ఉంచితే మీ ఊరు ఏ రకపు వేసవిలో ఉన్నదో తేలుతుంది.

రెండు: ఒకే వెడల్పు గల నూలు, పాలియెస్టరు, మిశ్రమ గుడ్డ పట్టీలను వ్రేలాడదీసి కొసలను రంగునీటిలో ముంచండి. పది నిమిషాలలో నీరు ఎంత ఎత్తుకు ప్రాకినదో కొలవండి. క్రొత్త గుడ్డలకు మిల్లులో పూత పట్టించి ఉంటుంది. కనుక ముందుగా రెండుసార్లు ఉతకాలి. తొడుక్కొనే బట్టలకూ ఇదే వర్తిస్తుంది.

మూడు: కొద్ది పోగులను పట్టకారుతో పట్టి ఉపాధ్యాయుడే మంటకు చూపాలి. నూలు కాగితం వలె కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసగా మారుతుంది. కరిగిన గుడ్డ చర్మానికి అతుక్కుంటుంది కాబట్టి పొయ్యి దగ్గర అటువంటి బట్టలు తగవని కూడా ఈ ప్రయోగం తెలుపుతుంది.

2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో ఎండలో పనిచేయక తప్పనివారు, వృద్ధులు ఎక్కువ. బట్ట ఒక్కటే ప్రాణం కాపాడదు. నీరు, నీడ, పనివేళల మార్పు అంతకంటె ముఖ్యం. కాని త్రాగిన నీరు చెమటగా మారి, ఆ చెమట ఆవిరిగా మారే చివరి మెట్టు బట్ట దగ్గరే ఉన్నది. ఈసారి ఉగాదికి దుకాణానికి వెళ్ళినప్పుడు అంచు చూసిన తరువాత గుడ్డను ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి.